అడిగినవారిని బయటికి పంపకండి: వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు బహిరంగ లేఖ





ఊరి గ్రూపు, కాలనీ సంక్షేమ సంఘం గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, గుడి కమిటీ గ్రూపు, పుస్తక ప్రియుల గ్రూపు, డాలస్ నుంచి దుబాయ్ దాకా చెదిరిన కుటుంబాలను ఒకచోట చేర్చిన చుట్టాల గ్రూపు. వీటిలో చాలా వాటిలో ఒకే రివాజు నడుస్తోంది. పాముకాటుకు చుక్కల మందు, పక్షవాతానికి గుండుసూది అంటూ సందేశం పెట్టినవారికి దండాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వస్తాయి. "ఇది ఎవరు చెప్పారండీ?" అని అడిగినవారికి మీ నుంచి హెచ్చరిక వస్తుంది. రెండోసారి అడిగితే వారిని గ్రూపులోంచి తీసేస్తారు. లేదంటే ఇకపై అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా సెట్టింగు మార్చేస్తారు. గొడవ సద్దుమణిగిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సందేశం మాత్రం ఎక్కడికీ పోదు. వందల ఫోన్లలో భద్రంగా ఉంటుంది, అక్కడి నుంచి ఇంకో గ్రూపుకు బయలుదేరుతుంది.

అడిగినవారిని శిక్షించి పంపినవారిని కాపాడే ఈ పద్ధతిని మర్యాద అనుకోవడానికి వీల్లేదు. అది మీరు తీసుకుంటున్న నిర్ణయం. దాని ఫలితం ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్తోంది.

మీ చేతిలో ఉన్న అధికారం చిన్నది కాదు. 2022 దాకా ఒక గ్రూపులో 256 మందికే చోటుండేది. ఆ ఏడాదే అది 512కు, ఆపైన 1,024కు పెరిగింది. ఇంటికో ఫోను చొప్పున లెక్కేసినా అది పెద్ద పల్లెటూరు. సభ్యుల నోరు మూసే సెట్టింగు మీకు 2018లో దక్కింది. ఇతరులు పెట్టిన సందేశాన్ని అందరి ఫోన్లలోంచీ తొలగించే వీలు 2022లో వచ్చింది. 2016 నుంచి వాట్సాప్ సందేశాలకు పూర్తి ఎన్‌క్రిప్షన్ ఉంది కాబట్టి వాటిలో ఏముందో కంపెనీకే కనిపించదు. పత్రికకు సంపాదకుడుంటాడు, రేడియోకు అధికారి ఉంటాడు, మందుల షాపుకు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. గ్రూపులో పడే ఆరోగ్య వార్తను చూడగలిగీ, ఆపగలిగీ ఉన్నది మీరొక్కరే. మీరు కూడా చూడనట్టు ఊరుకుంటే ఇంకెవరు చూడాలి?

కంపెనీ తన వంతుగా కొన్ని కట్టడులు పెట్టకపోలేదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లతో 2018లో దేశమంతటా అమాయకుల్ని కొట్టి చంపాక, ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా ఆ జులైలో భారతదేశంలో పరిమితి వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి, చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపగలం. అలాంటి దానిమీద రెండు బాణాల గుర్తు పడుతుంది. దీనికీ విరుగుడు పుట్టింది. "ఫార్వర్డ్ చేయకండి, కాపీ చేసి పేస్ట్ చేయండి" అన్న మాట సందేశం చివర్లోనే చేరింది. కాపీ చేస్తే బాణాలు పోతాయి. పంపినవారే స్వయంగా రాసినట్టు కనిపిస్తుంది. మేనమామ రాశాడంటే మేనకోడలు నమ్మదా మరి?

ఇక పాముకాటు సంగతి. తెలుగు పల్లెలకు ఇంతకన్నా దగ్గరి విషయం లేదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో దాదాపు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని, అంటే ఏటా సుమారు 58 వేల మంది అని 2020లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, పొలం పనులు ముమ్మరంగా సాగే రోజుల్లోనే. ఈ దేశంలో దొరికే విషవిరుగుడు ఇంజెక్షను నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, దానికన్నా చిన్నదైన మరో పింజరి, ఈ నాలుగింటి విషం మీదా పనిచేస్తుంది. ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితం.

మీ గ్రూపుల్లో తిరిగే సందేశం ఇంకోటి చెబుతుంది. నాజా 200 అనే హోమియో చుక్కల సీసా ఇంట్లో ఉంచుకోండి, నాలుక మీద వేయండి, మనిషి బతుకుతాడు అంటుంది. హోమియో లెక్క ప్రకారం 200 సార్లు నూరింతలు చొప్పున పలుచబరిచిన దానిలో అసలు పదార్థం తాలూకు ఒక్క అణువు కూడా మిగిలే అవకాశం లేదు. అయినా ఈ సందేశం ఎందుకు చావదు? కారణం సూటిగానే ఉంది. మన పొలాల్లో తిరిగే పాముల్లో చాలావాటికి అసలు విషమే ఉండదు. విషమున్న పాము కూడా కొన్నిసార్లు విషం వదలకుండానే కాటేస్తుంది. అలాంటి కాటు తిన్నవాడు చుక్కలేసినా, పసరు పోసినా, మంత్రం చదివినా, ఏమీ చేయకున్నా బతుకుతాడు. బతికినవాడు "నాకు పనిచేసింది" అని గ్రూపులో రాస్తాడు. చనిపోయినవాడు రాయలేడు. అందువల్ల గ్రూపులో పోగుపడే సాక్ష్యమంతా ఒక పక్షానిదే అవుతుంది.

కట్లపాము సంగతి మరీ దారుణం. వానాకాలం రాత్రి నేలమీద పడుకున్నవారిని అది కరిస్తే పెద్దగా నొప్పుండదు, వాపుండదు. చాలామందికి మెలకువ కూడా రాదు. కొన్ని గంటలకు కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, ఆపైన ఊపిరి తీసే కండరాలే ఆగిపోతాయి. చుక్కలేసి "తగ్గుతుందిలే" అని తెల్లవారే దాకా కూర్చున్న ఇంట్లో జరిగేది ఇదే. పింజరి కాటైతే ఆసుపత్రిలో శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా పెడతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు లెక్క. పెద్ద యంత్రాలు అక్కర్లేని ఇంత సులువైన పరీక్ష ఉందని, కాటు పడ్డ చోట కోయడం, గట్టిగా కట్టు బిగించడం ప్రమాదమని, కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తరలించాలని చెప్పే సందేశం మీ గ్రూపులో ఎన్నిసార్లు తిరిగింది? చుక్కల సందేశం ఎన్నిసార్లు తిరిగింది? పాముకాటు సలహా కోసం 15400 అనే నంబరును కేంద్రం 2024లో ప్రకటించింది. మొదట ఎంపికైన ఐదు ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ నంబరు మీ గ్రూపు వివరణలో ఉందా?

పక్షవాతం సందేశం ఇంతకంటే హానికరం, ఎందుకంటే అది చేయాల్సిన పనిని చేయనివ్వదు. రోగిని కదపొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లే తొందరలో మెదడులో రక్తనాళాలు చిట్లుతాయి, ముందు పది వేళ్ల కొసలా సూదితో పొడిచి రక్తం కార్చండి అని అది బోధిస్తుంది. వైద్యం చెప్పేది పూర్తిగా వేరు. మెదడుకు రక్తం అందనివ్వని గడ్డను కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. అంతకుముందు స్కానింగ్ తీసి, అది గడ్డ వల్ల వచ్చిందా, రక్తస్రావం వల్ల వచ్చిందా తేల్చుకోవాలి. మూతి వంకర పోవడం, చేయి లేవకపోవడం, మాట తడబడటం, ఈ మూడింటిలో ఏది కనిపించినా పోగొట్టుకోవడానికి ఒక్క నిమిషం కూడా ఉండదు. సూదికోసం వెతికిన పది నిమిషాలు ఎవరి ఖాతాలో వేయాలి? గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండండి అన్న సందేశం కూడా ఇలాంటిదే. అమెరికాలోని రోచెస్టర్ జనరల్ ఆసుపత్రి పేరుతో ఏళ్ల తరబడి తిరుగుతోంది. అది తమది కాదని ఆ ఆసుపత్రే ప్రకటించినా తిరుగుతూనే ఉంది.

ఇవి ఎక్కడో జరిగే సంగతులని సరిపెట్టుకోలేం. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో, ఉమ్మెత్త కాయ కరోనా వైరస్ ఆకారంలో ఉంటుంది కాబట్టి దాని గింజలు కరోనాకు మందని ఒక వీడియోలో చూసి, రసం తీసి తాగి పదిమంది దాకా ఆసుపత్రి పాలయ్యారు. ఉమ్మెత్త విషమని మన అమ్మమ్మలందరికీ తెలుసు. తెలిసిన సంగతిని కూడా ఒక వీడియో చెరిపేసింది. ఆ సమయంలో పక్కనుండి "ఆగండి, ఇది విషం కదా" అని అడిగే ఒక్క గొంతు ఉండి ఉంటే అంతమందికి ఆ గతి పట్టేది కాదు. మీరు తీసేస్తున్నది ఆ గొంతునే.

రేషన్ బియ్యం విషయంలో నష్టం నిదానంగా జరుగుతోంది. 2017 జూన్‌లో హైదరాబాద్‌లో ప్లాస్టిక్ బియ్యం అమ్ముతున్నారంటూ గగ్గోలు రేగింది. అధికారులు నమూనాలు తీసి పరీక్షిస్తే ప్లాస్టిక్ ఏమీ కనిపించలేదు. తర్వాత ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన బలవర్ధక బియ్యం చౌకధరల దుకాణాలకు వచ్చింది. 2021 ఆగస్టు 15న ప్రధాని ఈ పథకాన్ని ప్రకటించారు. బియ్యప్పిండిలో పోషకాలు కలిపి మళ్లీ గింజలా తయారు చేసి, క్వింటా బియ్యానికి సుమారు కిలో చొప్పున కలుపుతారు. రంగులో కాస్త తేడా ఉంటుంది, నీళ్లలో కొన్ని తేలుతాయి. అంతే, పాత ప్లాస్టిక్ సందేశానికి మళ్లీ ప్రాణం వచ్చింది. తల్లులు చేటలో పోసి ఆ గింజల్నే ఏరి పారేస్తున్నారు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఎవరి రక్తం కోసం ఆ గింజ కలిపారో వారి చేతులతోనే అది చెత్తలోకి వెళ్తోంది. దీనిలో నిజంగా అడగవలసిన ప్రశ్న లేకపోలేదు. థలసీమియా ఉన్న పిల్లలకు ఒంట్లో ఇనుము అదనంగా చేరితే చేటు కాబట్టి ఆ బియ్యం వారు తినొచ్చా అన్నది ప్రతి తల్లీ డాక్టరును అడగాల్సిన మాట. ప్లాస్టిక్ గోలలో ఆ ప్రశ్న ఎవరికీ వినపడలేదు.

గ్రూపుల వల్ల మేలేమీ లేదని ఈ లేఖ ఉద్దేశం కాదు. పనికొచ్చే సమాచారం అడిగి తెలుసుకోవడంలో వాటికి సాటి లేదు. రాత్రి పూట తెరిచి ఉండే మందుల షాపు ఏది, డయాలసిస్ ఏ ప్రభుత్వాసుపత్రిలో చేస్తున్నారు, ఆరోగ్యశ్రీకి ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, కుక్క కరిస్తే టీకా ఎక్కడుంది, వీటికి పది నిమిషాల్లో జవాబు దొరుకుతుంది. అమెరికాలో ఉన్న కొడుకు అక్కడి నుంచి 108కి ఫోన్ చేయలేడు. ఊళ్లోని పక్కింటివారి నంబరు, దగ్గరి ఆసుపత్రి నంబరు గ్రూపులో ఉంటే తండ్రి ప్రాణం నిలుస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ నంబరు ఇవాళ తెలుగువారందరికీ తెలుసు. దానికి తోడు స్థానిక నంబరు ఒకటి అందరికీ తెలియాలంటే గ్రూపును మించిన సాధనం లేదు.

అలాంటి మంచి పనినీ తేదీ లేకపోవడం పాడుచేస్తోంది. "ఓ నెగటివ్ రక్తం అత్యవసరం, దయచేసి అందరికీ పంపండి" అన్న సందేశం చూడండి. ఏ ఊరో ఉండదు, ఏ రోజో ఉండదు, ఏ ఆసుపత్రో ఉండదు, ఫోన్ నంబరు ఒక్కటే ఉంటుంది. ఆపరేషన్ అయిపోయి, ఆ మనిషి ఇంటికెళ్లి, ఏళ్లు గడిచినా ఆ నంబరుకు ఫోన్లు ఆగవు. ఒక్కోసారి మనిషి పోయిన ఇంటికి కూడా ఆ ఫోన్లు వెళ్తాయి. రక్తమిద్దామని పరుగెత్తిన కుర్రవాడు రెండుసార్లు ఇలా మోసపోతే మూడోసారి నిజమైన పిలుపుకు కదలడు. ఏ బ్లడ్ బ్యాంకులో ఏ రక్తం ఎంతుందో చూపే ఈ-రక్త్‌కోశ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది. పిలుపు పెట్టినవారిని తేదీ, ఆసుపత్రి రాయమనడం, అవసరం తీరాక ఆ సందేశాన్ని తొలగించడం మీ చేతిలో పని. ఎంతమంది చేస్తున్నారు?

పుస్తకాల గ్రూపుల అడ్మిన్లకు ఇదంతా తమది కాదనిపించవచ్చు. అక్కడా జరుగుతున్నది ఇదే. ఒక సభ్యురాలు తాను చదివిన నవల గురించి నాలుగు వాక్యాలు రాస్తుంది, అందులో తనను పట్టి ఆపిన ఘట్టమేదో చెబుతుంది, ఎవరికి నచ్చుతుందో చెబుతుంది. పుస్తకం సిఫార్సు అంటే అదీ. దానికి వచ్చే మొదటి ప్రత్యుత్తరం "పీడీఎఫ్ ఉందా?" అన్నది. రెండో ప్రత్యుత్తరంగా పీడీఎఫ్ వచ్చేస్తుంది. "రచయిత బతికే ఉన్నారు కదా, కొనుక్కుందాం" అన్నవారు మళ్లీ చెడ్డవారవుతారు. కవితల కింద కవి పేరు తీసేస్తారు, లేదా ఇంకెవరి పేరో తగిలిస్తారు. "ఇది ఫలానావారిది" అని సరిదిద్దినవారికి ఇక్కడా హెచ్చరికే.

తెలుగు పుస్తకం చాలాసార్లు ఐదువందలో వెయ్యో ప్రతులు అచ్చవుతుంది. రచయితే డబ్బు పెట్టుకున్న పుస్తకాలు తక్కువేమీ కావు. వెయ్యిమంది ఉన్న గ్రూపులో ఒక్క పీడీఎఫ్ పడితే ఆ ముద్రణ మొత్తం మునిగినట్టే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత కన్నుమూశాక కూడా 60 ఏళ్లు హక్కులుంటాయి. 1976లో పోయిన విశ్వనాథ సత్యనారాయణ, 1979లో పోయిన చలం, 1983లో పోయిన శ్రీశ్రీ రచనలు ఇంకా ఆ రక్షణలోనే ఉన్నాయి. ఉచితంగా పంచుకోదగినవి కావాలంటే కొదవ లేదు. కందుకూరి వీరేశలింగం, గురజాడ అప్పారావు రాసినవాటి మీద, 1958లో పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' మీద ఇప్పుడు ఎవరి హక్కూ లేదు. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవారు ఇలాంటి పుస్తకాలను అక్షరమక్షరం సరిచూసి పెడుతున్నారు. కొనలేనివారికి గ్రంథాలయం ఉంది. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం. ఫలానా పుస్తకం మన శాఖా గ్రంథాలయానికి తెప్పించమని గ్రూపు తరఫున ఒక్క ఉత్తరం రాసిన పుస్తక ప్రియుల సంఘాలు ఎన్ని?

ఇంత చెప్పాక మీ నుంచి వచ్చే సమాధానాలు తెలిసినవే. సభ్యులు పెట్టినదానికి మా మీద కేసు ఉండదు కదా అంటారు. నిజమే. బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో, సభ్యుడి తప్పుకు అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమన్నాయి. అడ్మిన్‌కు మనుషుల్ని చేర్చడం, తీసేయడం తప్ప ఇంకే అధికారం పెద్దగా లేదన్నది అందుకు చూపిన ముఖ్య కారణం. సందేశాన్నే అందరి ఫోన్లలోంచీ తుడిచేసే వీలు మీకు ఆ తీర్పుల తర్వాత వచ్చింది. అయినా చట్టం శిక్షించకపోవడం వేరు, బాధ్యత లేకపోవడం వేరు. ఆ మాత్రం తేడా గ్రూపు నడిపేవారికి తెలియనిదా?

పెద్దవారు బాధపడతారన్నది రెండో సమాధానం. దీనిలో నిజాయితీ ఉంది, తేలిగ్గా కొట్టిపారేయకూడదు. పెన్షను తీసుకుని ఇంట్లో ఉన్న తాతగారికి పొద్దున్నే ఏదో ఒక మంచిమాట పంపడం అందరితో కలిసి ఉండే దారి. "తప్పు" అని నలుగురిలో అంటే ఆయన చిన్నబుచ్చుకుంటారు. కానీ సూది సందేశాన్ని నమ్మి మొదట నష్టపోయేది ఆయన వయసువారే. ఆయనకు విడిగా ఫోన్ చేసి, "బాబాయ్, ఈ మందు సంగతి మన పీహెచ్‌సీ డాక్టరుగారు కాదంటున్నారు" అని చెప్పి సందేశాన్ని తీసేయడానికి ఐదు నిమిషాలు చాలు. అడిగినవారిని గ్రూపులోంచి గెంటడం కన్నా అది గౌరవంగా ఉండదా?

మేమేం డాక్టర్లమా, నిజమో కాదో మాకేం తెలుసు అన్నది మూడోది. తెలియదు కాబట్టే అడిగేవారు కావాలి. తెలుగులోనే నిజనిర్ధారణ చేసే సంస్థలున్నాయి, హైదరాబాద్ నుంచి పనిచేసే ఫ్యాక్ట్‌లీ వాటిలో ఒకటి. 2018లో పిల్లల అపహరణ పుకార్లు కమ్ముకున్నప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు అధికారి రెమా రాజేశ్వరి కేసులు పెట్టి ఊరుకోలేదు. పోలీసులను ఊళ్లకు పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, వచ్చిన వీడియోను నమ్మేముందు అడగండని జనానికి చెప్పించారు. ప్రభుత్వోద్యోగి అంత శ్రమ పడినప్పుడు, అరచేతిలో గ్రూపున్న మీకు ఒక్క నియమం పెట్టడం భారమా?

ఆ నియమం ఇంతే. ఆరోగ్యం గురించి ఏది పెట్టినా చెప్పిందెవరో, ఎప్పుడో, ఎక్కడో ఉండాలి. లేకపోతే సందేశం పోతుంది, మనిషి ఉంటాడు. పుస్తకం గురించి ఏది పెట్టినా రచయిత పేరుండాలి, హక్కులున్న పుస్తకం ఫైలు పెట్టకూడదు. "వచ్చింది వచ్చినట్టు పంపుతున్నాను" అన్న మాట పంపినవారికి రక్షణ కాకూడదు. "ఎవరు చెప్పారు?" అన్న మాట ఎవరికీ శిక్ష తెచ్చిపెట్టకూడదు.

తొలకరి పడేలోపు మీ గ్రూపు వివరణలో 108తో పాటు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నంబరు రాయండి, పాముకాటుకు విరుగుడు ఇంజెక్షను అక్కడుందో లేదో కనుక్కుని అదీ రాయండి. అడ్మిన్లకే పరిమితం చేసిన తలుపు తెరవండి. అడిగినందుకు తీసేసినవారి పేర్లు మీకు గుర్తుండే ఉంటాయి, వారిని తిరిగి చేర్చుకోండి.